ముప్పై తొమ్మిదో పేపరు

జిరాక్సులో ఎర్రసిరా నల్లగానే వస్తుంది. ఈ సంగతి అశోక్‌నగర్ మొత్తం మీద మంగకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. రెండేళ్లుగా ఆమె దిద్దిన పేపర్లను అద్దం మీద బోర్లించి, మూతవేసి, పచ్చ బటను నొక్కుతోంది. లోపల వెలుగు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకుతుంది, ఇవతల ట్రేలోకి వెచ్చటి కాగితం జారుతుంది. రాసిన పిల్లల అక్షరాలూ నలుపే, దిద్దిన పెద్దాయన అక్షరాలూ నలుపే. ఏది ఎవరిదో దస్తూరీని బట్టి పోల్చుకోవాలి. పెద్దాయన దస్తూరీని మంగ ఎక్కడున్నా పట్టేస్తుంది. ఆయన వాక్యం చివర పెట్టే చుక్క చుక్కలా ఉండదు. కలం అక్కడే ఆగి, ఇంకో మాట అందామా వద్దా అని ఆలోచించినట్టు చిన్న మరకలా ఉంటుంది.

ఆ పెద్దాయన కిషన్ రావు. లా కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు చిక్కడపల్లిలో తన ఇంట్లోనే కూర్చుని, నారాయణగూడలోని ఒక కోచింగ్ సెంటరుకు పేపర్లు దిద్దుతున్నారు. ఇంటర్ కాగానే అయిదేళ్ల లా కోర్సుకు పోదామనుకునే పిల్లలు ఆ సెంటరులో వారం వారం రాతపరీక్ష రాస్తారు. పేపరు మీద పేరుండదు, నంబరే. ఆ కట్ట ముందు జగన్మోహన్ జిరాక్సు షాపుకు వస్తుంది. మంగ ఒక కాపీ తీసి సెంటరు ఆఫీసుకు ఉంచి, ఒరిజినల్ కట్టను కిషన్ రావు ఇంట్లో ఇచ్చి వస్తుంది. ఆయన దిద్దాక పోయి తెచ్చుకుని, మళ్లీ ఒక కాపీ తీస్తుంది. ఎర్రసిరా ఉన్న ఒరిజినల్ రాసిన పిల్లలకు పోతుంది. నల్లకాపీ ఫైలుకు పోతుంది.

ఆ మంగళవారం పొద్దుటి నుంచి సన్నని వాన. తడిగాలికి కాగితాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి, మిషను మింగలేక నోట్లో ఇరికించుకుంటుంది. మంగ రిమ్ము విప్పి, కాగితాలను రెండు చేతుల్లో వంచి విదిలించి, నాలుగు వైపులా తట్టి ట్రేలో సర్దుతోంది. అప్పుడు వచ్చింది అనూహ్య. హిమాయత్‌నగర్ పిల్ల, సెంటరులో పదిహేడో నంబరు.

"అక్కా, హాల్ టికెట్ రెండు కాపీలు. జర జల్ది, బండి నో పార్కింగ్‌ల పెట్టిన."

ఆమె చేతిలో కిందటి వారం దిద్దిన పేపరుంది. దాన్ని నిలువుగా మడిచి మొహానికి విసురుకుంటోంది. మడత చివర్న ఎర్రసిరా రెపరెపలాడుతోంది. మంగ చూపు హాల్ టికెట్ మీద కాక దాని మీదనే ఉంది.

"సార్ ఏం రాసిండ్రు?" అంది ఉండబట్టలేక.

"ఏమో, చూడలే. పదికి ఆరున్నర వచ్చినయ్. ఆయన రాత ఎవరు చదువుతరక్కా, ఎర్రచీమలు పారినట్లుంటది."

కాపీలు తీసుకుని, పేపరును తలమీద గొడుగులా పట్టుకుని వానలోకి పరిగెత్తింది. ఎర్రసిరా కారిపోతుందే అని మంగ ప్రాణం ఉసూరుమంది. ఆ పేపరులో ఏముందో మంగకు కంఠతా వచ్చు. "తొందరపడి తీర్పు చెప్పకండి. రెండో పక్షం ఏమంటుందో ముందు వినండి." అంతేకాదు, "కథ చెప్పకండి. ప్రశ్నలో లేని సంగతులు తేకండి." ఎవరికైతే చెప్పారో ఆ పిల్ల చదవలేదు. ఎవరికి చెప్పలేదో ఆ పిల్ల బట్టీపట్టింది. లోకం ఇట్లాగే ఉంటుందని మంగ ఎవరితోనూ అనలేదు గానీ, ఆ పూటంతా కాగితాలను కాస్త గట్టిగానే తట్టింది.

మంగ దగ్గర ఆ మాటలన్నీ ఎలా చేరాయంటే, వేస్టు కట్ట వల్ల. వంకరగా వచ్చినవీ, సగం మసి కొట్టుకుపోయినవీ వేస్టు. వెనకవైపు తెల్లగానే ఉంటాయి గనుక రఫ్‌కు పనికొస్తాయి, పట్టుకుపొమ్మని జగన్మోహనే అన్నాడు. మంగ ముందువైపే చదివింది. మొదట్లో నిజంగా చెడిపోయినవే ఇంటికి పోయేవి. తరవాత తరవాత మంగ వేలు బటను మీద రెండోసారి కూడా పడసాగింది. మంచిపిల్లే, కానీ ఆ ఒక్క సంగతిలో చెయ్యి ఆగేది కాదు. పెద్దాయన ఎవరెవరికో రాసిన వ్యాఖ్యలన్నీ ఒక లాంగ్‌బుక్కులో ఎక్కించుకుంది. ముందు సూత్రం చెప్పి తరవాత వాస్తవానికి అన్వయించండి. ఒక పేరాలో ఒకే వాదన. పెద్దమాటలు తగ్గించండి. పుస్తకం నిండిపోయింది, ఆ నిండిన పుస్తకంలో ఒక్క మాటా తనకు చెప్పింది కాదు.

అదే మంగ బాధ. ఊరి బయట ఒక లా కాలేజీలో ఫీజు లేని సీట్లు కొన్ని ఉన్నాయి. వాటికి రాతపరీక్ష ఈ ఆదివారమే. తెలుగులో రాయొచ్చు. ఇంటర్ పాసై రెండేళ్లు దాటితే మాత్రం కూర్చోనివ్వరు. మంగకు ఈ జూన్‌తో రెండేళ్లు నిండుతున్నాయి. ఈసారి పోతే ఇక పోయినట్టే. రెండేళ్లలో ఆమె రాసిన జవాబులు ఒక సంచెడున్నాయి. ఒక్కదాన్నీ ఎవరూ చదవలేదు. తన అక్షరాల పక్కన ఒక్క ఎర్రగీత పడితే చాలు, తప్పన్నా సరే, కొట్టేసినా సరే అని ఎన్నిసార్లనుకుందో లెక్కలేదు.

*

బుధవారం సెంటరులో ఆఖరి పరీక్ష. ప్రశ్నపత్రం ముందురోజు సాయంత్రమే మంగ చేతుల మీదుగా ప్రింటయింది. ఆమె ట్రేలోంచి కట్టను బోర్లించి తీసి, బోర్లించే కవరులో పెట్టి, అంటించేసింది. ఒకటి మాత్రం చూడకుండా మడిచి పర్సులో పెట్టుకుంది. బుధవారం సెంటరు పిల్లలు రాయడం అయిపోయేదాకా మడత విప్పలేదు. బటను రెండుసార్లు నొక్కే పిల్లకు ఇంత పట్టింపేమిటని ఎవరైనా నవ్వొచ్చు. ఎవరి పట్టింపులు వాళ్లవి.

సాయంత్రం ఆరింటికి షాపు నుంచి నేరుగా చిక్కడపల్లి లైబ్రరీకి పోయింది. ఉద్యోగపరీక్షలకు చదివేవాళ్లు అన్నండబ్బాలతో, దిండ్లతో సహా కుర్చీలు ముందే పట్టేసుకుని ఉన్నారు. గోడ గడియారం కనపడేచోట ఒక బల్లచివర దొరికింది. సెంటరు జవాబు కాగితాలు ప్రింటయ్యేది కూడా జగన్మోహన్ షాపులోనే గనుక, మంగ దగ్గర సరిగ్గా ఆ గీతల కాగితమే ఉంది. ప్రశ్న విప్పింది.

"ఒక భవన నిర్మాణ స్థలంలో కూలీ మూడో అంతస్తు పరంజా నుంచి పడి కాలు విరిగింది. గుత్తేదారు కూలీలందరికీ బెల్టులు ఇచ్చాడు. పెట్టుకొమ్మని మేస్త్రీ ఆ ఉదయమే హెచ్చరించాడు. పడినప్పుడు కూలీ నడుముకు బెల్టు ఉంది, కొక్కెం మాత్రం తగిలించి లేదు. బాధ్యత ఎవరిది? కారణాలతో రాయండి."

మంగ ఆ ప్రశ్న ఒకటికి రెండుసార్లు చదివింది. గడియారంలో అయిదు నిమిషాలు పోయాయి. వాళ్ల నాయిన తిమ్మయ్య ఏడేళ్ల కింద పడింది కూడా మూడో అంతస్తు నుంచే. ఆయనకూ బెల్టు ఇచ్చారు, పెట్టుకొమ్మని మేస్త్రీ చెప్పాడు. ఆయనా కొక్కెం తగిలించుకోలేదు. పాలమూరు నుంచి వచ్చి సగం పట్నాన్ని కట్టిన చెయ్యి, ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక అపార్టుమెంటు గేటు తీస్తోంది. ఇదంతా కలం చివరిదాకా వచ్చింది. అక్కడ పదిహేడో నంబరు వ్యాఖ్య అడ్డం నిలబడింది. కథ చెప్పకండి. ప్రశ్నలో లేని సంగతులు తేకండి.

తేలేదు. సూత్రం రాసింది. పని చేయించుకునేవాడు పనిచోటును భద్రంగా ఉంచాలి. తన జాగ్రత్త తాను తీసుకోని మనిషి తన నష్టంలో కొంత భరించాలి. గుత్తేదారు వైపు రెండు పేరాలు, కూలీ వైపు రెండు పేరాలు. ఒక పేరాలో ఒకే వాదన. పెద్దమాట ఒక్కటి లేదు. చివరికి వచ్చేసరికి తీర్పు రాయబోయి, తొందరపడకండి అన్న మాట గుర్తొచ్చి, "ఈ విధంగా ఇరుపక్షాల వాదనల్లోనూ బలం ఉన్నది" అని ముగించింది. చదువుకుంటే ఎక్కడా తప్పు కనపడలేదు. అయినా మనసుకు నిండుగా అనిపించలేదు, ఎందుకో తెలియలేదు.

గురువారం పొద్దున కట్ట వచ్చింది. ముప్పై ఎనిమిది. కాపీలు తీయడం అయ్యాక, జగన్మోహన్ టీకి బయటికి పోయినప్పుడు, మంగ సంచిలోంచి తన కాగితం తీసింది. పైన మూలకు స్కెచ్ పెన్నుతో 39 వేసింది. తొందరలో తొమ్మిది తోక పక్కకు పోయింది. కట్ట మధ్యలోకి తోసి, దారం బిగించి, ప్లాస్టిక్ కవరు చుట్టి, వానలోనే బయలుదేరింది.

కిషన్ రావు ఇంటి బాల్కనీలో కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక పలక వేసుకుని కూర్చున్నారు. పక్కన స్టీలు గ్లాసులో నాలుగు ఎర్రపెన్నులు.

"ఎన్ని?"

"ముప్పై తొమ్మిది సార్."

"ఒకటి పెరిగిందా?"

"ఆఁ సార్."

ఆయన కళ్లద్దాల మీది నుంచి ఒకసారి చూసి, కట్ట అందుకున్నారు. "రేపు సాయంత్రం రా బిడ్డా. తడుసుకుంట ఎందుకొస్తవ్, గొడుగు లేదా?" అన్నారు. మంగ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గానీ ఊపిరి తీసుకోలేదు.

*

శుక్రవారమంతా మంగ ఈ లోకంలో లేదు. ఇరవై పేజీలు తియ్యమంటే పన్నెండు తీసింది. స్పైరల్ బైండింగ్‌కు చిల్లులు తప్పు వైపు పొడిచింది. "ఏమైందమ్మా నీకియ్యాల, పరీక్ష పరేషానా?" అన్నాడు జగన్మోహన్. ఆయన చెడ్డవాడేం కాదు, ఆదివారం సెలవు అడిగితే రెండో మాట లేకుండా ఇచ్చాడు.

మంగ మనసు మాత్రం ఆ బాల్కనీలో ఉంది. ఈపాటికి ఎర్రపెన్ను తన పేపరు మీదికి వచ్చి ఉంటుంది. మొదటి పేరా పక్కన ఏం రాసుంటారు? బాగుంది అనా? ఆయన బాగుంది అన్న మాట రెండేళ్లలో పదకొండుసార్లే రాశారు, మంగకు లెక్క తెలుసు. బాగుంది అనక్కరలేదు. ఏదో ఒకటి అంటే చాలు.

సాయంత్రం పోయేసరికి కట్ట తయారుగా ఉంది. పైన ఎప్పట్లాగే ఎర్రసిరా చీటీ. మంగ మెట్ల మలుపులోనే నిలబడి చీటీ చూసింది. "38 అప్పగించడమైనది."

దారం విప్పింది. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా వేళ్లతో తిప్పింది. మళ్లీ తిప్పింది. మూడోసారి కింది నుంచి పైకి తిప్పింది. ముప్పై తొమ్మిది లేదు.

పైకి పోయి అడగొచ్చు. ఏమని అడుగుతుంది? దొంగతనంగా పెట్టినదాన్ని దొరతనంగా ఎట్లా అడుగుతారు? ఆయనకు తెలిసిపోయింది, తీసి పక్కన పడేశారు, రేపు సెంటరుకు చెబుతారు, జగన్మోహన్ పనిలోంచి తీసేస్తాడు. ఇవన్నీ అనుకుంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ భయం కంటే ఆశ కూలిపోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది. చదవకుండానే పడేశారేమో అన్నదొక్కటే ఇల్లు చేరేదాకా ఆమె వెంట వచ్చింది.

ఇల్లంటే అపార్టుమెంటు సెల్లారులో కార్ల పక్కన ఒక గది. తిమ్మయ్య గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్నాడు. గేటు దగ్గర హారన్ మోగింది. ముద్ద కంచంలో వదిలేసి, గోడ పట్టుకుని లేచి, కుడికాలు ఈడ్చుకుంటూ పరుగులాంటి నడకతో పోయాడు. గేటు తీసి, కారు పోనిచ్చి, గేటు వేసి, వచ్చి మళ్లీ ముద్ద పట్టుకున్నాడు. ఒక్క అన్నానికి మూడుసార్లు లేచాడు. తల్లి మాసమ్మ పై ఫ్లాట్లలో పని ముగించుకుని వచ్చి, బిడ్డ మొహం చూసి, ఏమీ అడగకుండా కంచం పెట్టింది.

*

శనివారం పొద్దున షాపు కిటకిటలాడుతోంది. మర్నాటి పరీక్షకు హాల్ టికెట్లు, ఆధార్ కార్డులు, ఫొటోలు. గుడికి పోయి నొసట బొట్టుతో నేరుగా లైనులోకి వచ్చినవాళ్లు సగం మంది. మంగ చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి. మూత ఎత్తు, కాగితం బోర్లించు, మూత దించు, నొక్కు.

"ఒక్క కాపీ తియ్యి బిడ్డా."

గొంతు విని తలెత్తింది. కిషన్ రావు. ఈయన షాపుకు రావడం ఎన్నడూ లేదు. చంకలో తడి గొడుగు, చేతిలో ఫైలు. ఫైలులోంచి ఒక కాగితం తీసి కౌంటరు మీద పెట్టారు. మూలకు తోక పక్కకు పోయిన తొమ్మిది.

 కాగితం నిండా ఎరుపు. తన అక్షరాల పక్కన, పైన, కింద, మార్జిన్లో ఎరుపు. రెండేళ్లు వేస్టు కట్టలో నల్లగా చదివిన దస్తూరీ తన అక్షరాల మధ్యకు ఎర్రగా వచ్చి కూర్చుంది.

"తప్పైంది సార్," అంది.

"ఎవరిదని నేను అడగలే గద," అన్నారు ఆయన నెమ్మదిగా, వెనక లైనుకు వినపడకుండా. "చదువుతుంటే తెలిసిపోయింది. ఒక్కొక్క పిల్లకు నేను రాసింది ఆ పిల్లకొక్కదానికే ఎరుక. ఇందుల చూస్తే రెండేండ్ల నా మాటలన్నీ వరుసకున్నయి. అన్నీ చూసినోళ్లు ఎవరుంటరు? ఆ మిషిను చూసింది. నువ్వు చూసినవ్. మిషిను జవాబులు రాయదు."

మంగ తల దించుకుంది.

"దొంగతనంగ పెట్టుడు మంచిది కాదు. సెంటరోళ్లకు నేనే చెప్పిన, ఇంకొక పేపరు దిద్దిన, అది నా లెక్కల అని. అడిగితే దిద్దకపోదునా అంటవేమో... దిద్దకపోదును. సెంటరు పేపర్లు తప్ప ముట్టనని రూలు పెట్టుకున్న. గందుకే నిన్నేమంటలేను. కాపీ తియ్యి."

"ఏందమ్మా, లైను ఆగింది!" అని జగన్మోహన్ అటునుంచి కేకేశాడు.

మంగ తీసింది. పచ్చ బటను ఒక్కసారే నొక్కింది. అలవాటు కొద్దీ ఒరిజినల్, కాపీ రెండూ కలిపి ఆయన ముందు పెట్టింది. కిషన్ రావు నల్లకాపీ ఒక్కటే తీసుకుని ఫైలులో పెట్టుకున్నారు. ఎర్రసిరా కాగితాన్ని వేలితో ఆమె వైపు నెట్టారు.

"దిద్దింది రాసినోళ్లకే పోవాలె. కాపీ నాకు. నీకు తెల్వని రూలా?"

ఆయన గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు. మంగ ఆ కాగితాన్ని మడవలేదు. కొత్త రిమ్ము అట్టల మధ్య పెట్టి, మధ్యాహ్నం లైను పలచబడేదాకా ఆగి, షాపు వెనక రిమ్ముల అటక కింద కూర్చుని చదివింది.

మొదటి పేరా పక్కన, "ఇది నా మాట." రెండో పేరా పక్కన, "ఇదీ నాదే." మూడో దాని పక్కన, "చక్కగా రాశారు, అయినా నాదే." చివర తెల్లగా మిగిలిన చోటంతా నిండిపోయింది.

"రెండు వైపులా చూశారు. మీరు ఎటు? జవాబు చివరిదాకా చదివినా నాకు తెలియలేదు. తీర్పు చెప్పవద్దని నేను అన్నది తొందరపడే పిల్లతో. మీరు తొందరపడే మనిషి కాదు, మీకు ఆ మందు పనికిరాదు. మీకు చెప్పవలసింది వేరు. చెప్పండి, భయపడకండి. ప్రశ్నలో లేనిదాన్ని ఉన్నట్టు రాయకూడదు. కానీ ప్రశ్న ఏ సంగతి చెప్పకుండా వదిలేసిందో అడగవచ్చు. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరూ అడగలేదు. మీరు అడగగలరని నాకు అనిపిస్తున్నది. మార్కులు వేయలేదు. మీ జవాబు వచ్చాక వేస్తాను."

ఆ చివరి చుక్క మరకలా ఉంది. మంగ దాని మీద వేలు పెట్టింది. పుట్టి బుద్ధెరిగి ఆమెను ఎవరూ మీరు అనలేదు. ఆ ఎర్ర అక్షరాల్లో మూడుసార్లు మీరు అని ఉంది. ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది, అక్కడ చూసేందుకు రిమ్ములు తప్ప ఎవరూ లేరు.

*

సాయంత్రం తిమ్మయ్య పైపు పట్టుకుని కార్లు కడుగుతున్నాడు. మంగ పక్కన బక్కెట్ బోర్లించుకుని కూర్చుంది. అడుగుదామా వద్దా అని కాసేపు చూసింది. ఆ రోజు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే తిమ్మయ్య ఒకటే అంటాడు, నాదే తప్పు, హుక్కు పెట్టుకోలే అని. మేస్త్రీ ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన నిలబడి, నలుగురి ముందర ఆ మాట అనిపించి పోయాడు. అప్పటి నుంచి అదే మాట.

"నాయినా, ఆ దినం బెల్టు ఉండె గద నీకు."

"ఉండె. కొత్తది. పసుపురంగుది." పైపు ఆపలేదు. "హుక్కు పెట్టుకోలే. నాదే తప్పు."

"హుక్కు దేనికి పెడ్తరు?"

"దేనికంటే... పెడ్తరు బిడ్డా. తాడుకు పెడ్తరు. పైనించి తాడు కడ్తరు గద, దానికి."

"ఆడ కట్టిండ్రా తాడు?"

తిమ్మయ్య పైపు కింద వదిలాడు. నీళ్లు సెల్లారు వాలులోకి పారుతున్నాయి. ఎడమచెయ్యి పైకెత్తి లేని పరంజా కట్టెను పట్టుకున్నాడు. కుడిచెయ్యి నడుము దగ్గరికి పోయి, లేని కొక్కేన్ని అందుకుని, ముందుకు వచ్చింది. తల పైకి ఎత్తాడు. కుడిచెయ్యి ఎడమవైపు వెతికింది, కుడివైపు వెతికింది, తలమీద వెతికింది. ఏడేళ్ల కిందటి ఆ పొద్దున అది ఎక్కడెక్కడ వెతికిందో అక్కడంతా మళ్లీ వెతికి, గాలిలో అట్లాగే నిలిచిపోయింది.

"లేకుండె," అన్నాడు. ఆ మాట ఎవరో అంటే విన్నట్టు మంగ వైపు చూశాడు.

మంగ లేచి కుళాయి కట్టేసింది. 

*

ఆదివారం పరీక్షలో బెల్టు ప్రశ్న రాలేదు. అద్దె ఇంటి మెట్లు విరిగి, పాలు పోయడానికి వచ్చిన మనిషి పడిపోవడం గురించి వచ్చింది. మంగ సూత్రం రాసింది, రెండు వైపులా చూసింది. ఆ తరవాత, మెట్లు విరిగి ఎన్నాళ్లయిందో ప్రశ్న చెప్పలేదని రాసింది. అవి నిన్ననే విరిగి ఉంటే ఒక జవాబు, నెలల నుంచి విరిగే ఉంటే ఇంకో జవాబు అని రాసింది. ఈ వాస్తవాల మీద, ఈ కారణాల చేత, తప్పు ఇంటాయనది అని రాసింది. చివర చుక్క పెట్టింది. దాన్ని ఇంకొకరు దిద్దుతారు. సీటు వస్తుందో రాదో మంగకు తెలియదు. కానీ బయటికి వచ్చేటప్పుడు, ఇన్నాళ్లలో మొదటిసారి, తనదంటూ ఒక పేపరును వదిలి వస్తున్నట్టు అనిపించింది.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. తిమ్మయ్య గేటు పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ అన్నం ముట్టలేదని మాసమ్మ లోపలి నుంచే చెప్పింది.

"మంచిగ రాసినవా బిడ్డా?"

"రాసిన నాయినా. ఎవరిది తప్పో కూడ రాసిన."

తిమ్మయ్య తలూపాడు. కుడికాలు చాపుకుని, మోకాలి కింద ఎముక అతికినచోట చేత్తో రాసుకున్నాడు. అడగాలా వద్దా అని ఆయన కూడా కాసేపు చూశాడు.

"మరి నాది?" అన్నాడు. "మన ముచ్చట్ల ఎవలది తప్పైతది?"

మంగ ఆయన ముందు నేలమీద కూర్చుంది. తొందరపడలేదు. బెల్టు ఇచ్చిన సంగతి, మేస్త్రీ చెప్పిన సంగతి, తాడు లేని సంగతి మూడూ మనసులో పక్కపక్కన పెట్టుకుంది.

"బెల్టు ఇచ్చినోడు తాడు కట్టియ్యలే. తాడు లేని కాడికి మేస్త్రీ నిన్ను పైకెక్కించిండు. తప్పు వాళ్లది నాయినా. నీది గాదు."

"నువ్వు చెప్పే ఆ పెద్దసారన్నడా?"

"సార్ గాదు," అంది మంగ. "నేనే అంటున్న."

  తిమ్మయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

గేటు బయట కారు హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. తిమ్మయ్య లేవలేదు. మంగ పోయి గేటు తీసింది.